కాలువ గట్ల రోడ్ల మీద రాత్రి ప్రయాణం: బైకుకు ఎలాంటి అదనపు లైట్లు కొనాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, వీరవాసరం దాటి భీమవరానికి వారంలో నాలుగైదు రాత్రులు 150 సీసీ బండి మీద వెళ్ళివస్తున్నారు, బండితో వచ్చిన హెడ్‌లైటు చాలడం లేదు, స్పాట్ లైట్లు కొనాలా, ఫాగ్ లైట్లు కొనాలా, ఎన్ని వాట్లవి కొనాలి అన్నది తేలడం లేదు. నేను భీమవరం, ఆకివీడు, కాళ్ళ ప్రాంతాలలో రొయ్యల చెరువులకు సలహాలిచ్చే పనిలో ఉన్నాను. చెరువు నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామునే అన్నిటికన్నా తక్కువకు పడిపోతుంది కనుక, మీటరు పట్టుకుని రాత్రి రెండింటికో మూడింటికో గట్ల వెంట తిరగడం తొమ్మిదేళ్ళుగా అలవాటైపోయింది. ఈ తొమ్మిదేళ్ళలో మూడు జతల లైట్లు మార్చాను. మొదటి రెండూ తప్పుడు ఎంపికలే. మీ దారికి నా సలహా ముందే చెప్పేస్తాను. దూరం కొట్టే స్పాట్ లైట్లు వద్దు. వెలుగు పైఅంచు స్కేలు పెట్టి గీసినట్టు తెగిపోతూ, రోడ్డుకు అడ్డంగా వెడల్పున పరుచుకునే పసుపు ఫాగ్ లైట్ల జత ఒకటి, ఒక్కోటి నిజంగా 15 నుంచి 20 వాట్లు తీసుకునేది, క్రాష్ గార్డుకు బిగించుకోండి.

మన రోడ్డు మీద రాత్రి కనిపించక ప్రమాదం తెచ్చేవి ఏమిటో ముందు చూడాలి. డెల్టా లోపలి దారులు చాలావరకు కాలువ గట్లే. ఒక పక్క కాలువ, మరో పక్క చేనో చెరువో. పిట్టగోడ ఉండదు, తారు ఎక్కడ తెగిందో చెప్పే తెల్లగీత ఉండదు. వెనక ఎర్రదీపం లేని గడ్డి ట్రాక్టరు, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, ఆ ధాన్యం తొక్కకుండా చుట్టూ పేర్చిన రాళ్ళు, చేపల లారీ నుంచి కారిన నీళ్ళు, తారులో తారుగా కలిసిపోయి నిలబడిన గేదె, ఇవన్నీ మీకు 200 మీటర్ల అవతల కనిపించనక్కరలేదు. 50 మీటర్ల లోపల, అది కూడా రోడ్డు రెండు అంచుల దాకా, తప్పకుండా కనిపించాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డాన్ని చూసి బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే 25 మీటర్లు, పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి మరో 23, 24 మీటర్లు, మొత్తం 48 మీటర్ల దాకా అవుతుంది. అదే 80లో వెళ్తే 75 మీటర్లు కావాలి. డిమ్‌లో ఉన్న మామూలు హాలోజన్ హెడ్‌లైటు దీపం లేని నల్లటి వస్తువును 30, 40 మీటర్ల దగ్గర గాని సరిగా పట్టివ్వదు. మీ అదనపు లైటు పూడ్చవలసింది ఆ మిగిలిన పది పదిహేను మీటర్లనూ, రెండు పక్కల ఉన్న చీకటినీ. దానికి స్పాట్ లైటు పనికిరాదు.

పనికిరాకపోవడం ఒక్కటే అయితే ఇంత రాయనక్కరలేదు. రెండో జత కొన్నప్పుడు, ఎంత దూరం కొడితే అంత గొప్ప అన్న లెక్కన నేను సన్నని కిరణం కొట్టే స్పాట్ లైట్లే తెచ్చుకున్నాను. కాళ్ళ వైపు ఒక కాలువ గట్టు మీద, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ, సైకిలు మీద గడ్డిమోపుతో ఒక పెద్దాయన ఎదురొచ్చారు. హెడ్‌లైటు డిమ్ చేశాను గాని స్పాట్ లైట్లు వేరే స్విచ్చి మీద ఉన్నాయి. ఆ స్విచ్చిని వేలితో తడుముకునే లోపే ఆయన ఒక చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు, రెండో చేతిలో హ్యాండిలు తిరిగింది, ముందు చక్రం గట్టు దిగిపోయింది. ఆయన దూకి నిలదొక్కుకున్నారు గాని మోపు దొర్లి కాలువలో పడింది. నేను మోకాలి లోతు నీళ్ళలోకి దిగి దాన్ని లాగుతుంటే, పైనుంచి ఆయన, "ఏం బాబూ, బండికి రైలింజను లైటు కట్టుకున్నావేంటి?" అన్నారు. "ఆయ్, తప్పయిపోయిందండి" అనడం తప్ప నా దగ్గర వేరే మాట లేదు. తడిసిన మోపును మళ్ళీ క్యారియరు మీదికెక్కించి తాడు బిగించడానికి మా ఇద్దరికీ పావుగంట పట్టింది. మర్నాడే ఆ లైట్లు విప్పించేశాను.

తరువాత ఎప్పుడో కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 చదువుతుంటే 106వ నియమం కంటబడింది. ముందు వైపు లైటు కిరణం కిందికి వంగి ఉండాలి, లేదా నడిపేవారు వంచగలిగేలా ఉండాలి. అలా వంచినప్పుడు లైటుకు 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు కుడివైపున, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి అది మిరుమిట్లు గొలపకూడదు. సైకిలు మీద ఎదురొచ్చిన ఆ పెద్దాయన కన్ను ఇంచుమించు అక్కడే ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను నిషేధిస్తోందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఎరుపు వెలుగు ముందువైపు చూపే అలంకారాల జోలికి అసలు పోవద్దు. స్పాట్ లైటుకు చోటే లేదని నేననను. మధ్యలో డివైడరు, మొక్కలు ఉన్న 16వ నంబరు జాతీయ రహదారి మీద రావులపాలెం, తణుకు వైపు తరచూ రాత్రి వెళ్ళేవారికి అది ఉపయోగమే, అదీ హై బీమ్ తీగకు కలిపి, డిప్పరు కొట్టగానే దానితోపాటే ఆరిపోయేలా పెట్టుకుంటేనే. మీరు వెళ్ళేది ఎదురెదురు బళ్ళు నడిచే దారి, అక్కడ దాన్ని వెలిగించే అవకాశం మీకు నిమిషానికొకసారి కూడా దొరకదు.

ఇక కొట్టులో ఎంచుకోవడం. పెట్టె మీద రాసిన ల్యూమెన్లు లైటు నుంచి మొత్తం ఎంత వెలుగు బయటికొస్తుందో చెబుతాయే గాని అది రోడ్డు మీద పడుతుందో చెట్ల మీద పడుతుందో చెప్పవు. కొబ్బరి మట్టలను వెలిగించే ల్యూమెన్లతో మనకు పనిలేదు. అందుకని లైటును అక్కడే బ్యాటరీకి తగిలించి, కాస్త చీకటిగా ఉన్న మూల గోడ మీద మూడు మీటర్ల దూరం నుంచి వేయించి చూడండి. వెలుగు అడ్డంగా పరుచుకుని, పైన అంచు చదునుగా తెగితే అది ఫాగ్ లైటు. చందమామలా గుండ్రంగా కనబడితే, పెట్టె మీద ఏ పేరున్నా అది ఫాగ్ లైటు కాదు. ముందు లెన్సు లేకుండా వరసగా ఎల్‌ఈడీ చిప్పులు పేర్చిన పలకల్లాంటి లైట్లలో ఈ అంచు రాదు, వాటిని నేను ఎవరికీ చెప్పను.

వాట్ల మాట కూడా నమ్మదగినది కాదు. నేను మొదట కొన్న జత మీద ఒక్కోటి 80 వాట్లని అచ్చు వేసి ఉంది. మల్టీమీటరు పెట్టి చూస్తే 13.8 వోల్టుల దగ్గర ఒక్కో లైటు తీసుకున్నది 1.6 ఆంపియర్లు, అంటే 22 వాట్లు. ఆ లైటు చెడ్డదని కాదు, సరిగా మలిచిన 20 వాట్ల ఎల్‌ఈడీ వెలుగు మనకు చాలు. పెట్టె మీది అంకెను నమ్మి ఇద్దరు అమ్మకందార్ల సరుకును పోల్చలేమన్నదే నా మాట.

తక్కువ వాట్లు చాలడం మీ బండికి మంచిదే, ఎందుకంటే చిన్న బళ్ళలో కరెంటు పుట్టించే స్టేటరుకు మిగులు తక్కువ. ఆ మొదటి జతను నేను 100 సీసీ బండికి కట్టి, చెరువు గట్టున ఇంజను ఆపేసి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకోవడానికి లైట్లు వెలుగుతూనే వదిలేశాను. ఇరవై నిమిషాల తరువాత సెల్ఫు కొడితే 'టిక్' మన్నదే గాని తిరగలేదు. కిక్కు ఉండబట్టి ఇంటికొచ్చాను. మీరు కొనే ముందు చేయవలసిన పరీక్ష తేలికైనదే. ఇంజను ఐడిల్‌లో ఉంచి, హెడ్‌లైటు వేసి, బ్యాటరీ రెండు కొసల మధ్య వోల్టేజి చూడండి. తరువాత కొత్త లైట్లు తాత్కాలికంగా తగిలించి మళ్ళీ చూడండి. అన్నీ వెలుగుతున్నా, కొంచెం యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు 13.5 దగ్గర నిలబడుతుంటే ఫరవాలేదు. 12.8 కన్నా కిందికి జారి అక్కడే ఉండిపోతుంటే బ్యాటరీ నిండటం మాని ఖాళీ అవుతోందన్నమాట. ఐడిల్‌లో హెడ్‌లైటు మసకబారి, యాక్సిలరేటరు ఇవ్వగానే ప్రకాశించే పాత బండి అయితే ఆ హెడ్‌లైటు బ్యాటరీ మీద కాక నేరుగా స్టేటరు ఇచ్చే ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) మీద నడుస్తోందని అర్థం. ఆ తీగ నుంచి ఎల్‌ఈడీకి కరెంటు తీయకండి, మినుకుమినుకుమంటుంది.

రంగు విషయంలో చాలామంది చెప్పే కారణం తప్పు, ఫలితం మాత్రం ఒప్పు. పసుపు వెలుగు పొగమంచును చీల్చుకుపోతుందంటారు. మంచు బిందువులు కాంతి తరంగం కన్నా చాలా పెద్దవి కాబట్టి అవి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. తేడా మన కంటిలో ఉంది: 6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) తెలుపులో ఉండే నీలి భాగం తిరిగివచ్చి కంటిని ఎక్కువగా గుచ్చుతుంది, 3000 కెల్విన్ పసుపులో అది తక్కువ. ఫ్రాన్సులో 1993 దాకా కార్ల హెడ్‌లైట్లన్నీ పసుపువే. పుష్యమాసంలో కాలువల మీదా చెరువుల మీదా లేచే మంచులో మాత్రం రంగు కన్నా ఎత్తు, అంచు ముఖ్యం. హై బీమ్ వేస్తే ఎదుట తెల్లటి తెర లేస్తుంది. కింద బిగించిన చదునైన వెలుగు కంటికీ మంచుకూ మధ్య ఆ తెరను తగ్గిస్తుంది. వానాకాలంలో తడి తారు మీద కూడా పసుపే నయమని నా అనుభవం, తెలుపు ఆ నలుపులో ఇంకిపోయినట్టు ఉంటుంది.

కొనే ముందు చిన్న ఖర్చుతో అయ్యే పని ఒకటి ఉంది. హెల్మెట్ గాజు గీతలు పడి ఉంటే మార్చండి. తొలకరికి ఉసిళ్ళు లేచిన రాత్రి ఆ గాజును పొడి గుడ్డతో రుద్దితే వచ్చే మరక ఏ లైటుతోనూ పోదు, నీళ్ళతో తడిపి తుడవాలి. హెడ్‌లైటు డూమ్ లోపల వెండిపూత మసిబారి ఉంటే ఎంత మంచి బల్బు వేసినా దండగే.

బిగించే చోటు గురించి: క్రాష్ గార్డు మీద, నేలకు అర మీటరు పైన ఉంటే వెలుగు రోడ్డును ఏటవాలుగా తాకి గుంటకు పొడుగాటి నీడ ఇస్తుంది, కంకర చిన్న రాయి కూడా కనిపిస్తుంది. హ్యాండిలు దగ్గర బిగిస్తే అదే గుంట చదునుగా కనిపిస్తుంది. అయితే క్రాష్ గార్డు అదురుకు బోల్టులు వదులవుతాయి కనుక నైలాన్ నట్లు వాడించండి.

వైరింగులో రాజీ పడకండి. హెడ్‌లైటు తీగ కోసి అక్కడే అతికించే ఎలక్ట్రీషియన్ ఉంటే ఇంకొకరిని చూసుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు ద్వారా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చి పెట్టె) మీద 30 అని ఉన్న కాలికి, 87 నుంచి లైట్లకు, 85 ఎర్తుకు, 86 స్విచ్చి ద్వారా తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు కలపాలి. ఇలా ఉంటే, నాలా మరచిపోయినా, తాళంచెవి తీయగానే లైట్లు ఆరిపోతాయి. 20 వాట్లవి రెండు కలిసి తీసుకునేది మూడున్నర ఆంపియర్ల లోపే, 7.5 ఆంపియర్ల ఫ్యూజు చాలు, దాన్ని బ్యాటరీకి జానెడు దూరం లోపలే పెట్టించండి. స్విచ్చి ఎడమ బొటనవేలికి, డిప్పరు పక్కనే అందాలి. కాలువలో పడిన గడ్డిమోపు నేర్పిన పాఠమిది. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలికి రాగి తీగ కొసలు ఏడాదిలోపే పచ్చగా చిలుము పడతాయి కనుక, టేపు చుట్టిన అతుకులు కాకుండా నీళ్ళు చొరని కనెక్టర్లు వేయించి, లోపల కాస్త గ్రీజు పెట్టించండి. లైటు మీద ఐపీ 67 అని ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం, కాని వాటర్ సర్వీసింగులో గన్ను దగ్గరగా పెట్టి కొట్టే ధారకు అది హామీ కాదు.

ఆఖరి పని లైటు వంపు సరిచేయడం. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. చదునైన నేల మీద, గోడకు 7.5 మీటర్ల దూరంలో బండి నిలిపి, మీరు ఎక్కి కూర్చోండి, స్టాండు మీద వద్దు. లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తున ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దతో గీత గీయించండి. వెలుగు పైఅంచు ఆ గీతకు 7, 8 సెంటీమీటర్ల కింద పడాలి. లైటు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే ఈ వంపుతో వెలుగు దాదాపు 55 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది, 60 వేగానికి మనకు కావలసింది ఇంతే. వెనక మనిషిని ఎక్కించుకుంటే బండి వెనక భాగం కుంగి వెలుగు పైకి లేస్తుంది కాబట్టి, మీరు రోజూ జంటగా వెళ్ళేవారైతే ఆ మనిషిని కూడా కూర్చోబెట్టే గీత సరిచూడండి. బిగించిన వారానికి ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి అదే గోడ దగ్గర మళ్ళీ చూసుకోండి. నా లైట్లకు నేను మా వీధి చివర రైసుమిల్లు గోడ మీద గీసిన సుద్దగీతను మిల్లు వాళ్ళు సున్నం వేసినప్పుడల్లా మళ్ళీ గీస్తున్నాను.