గరిమనాభి అంటే బొడ్డేనా? పనిలో పనిగా కుదురు గురించి

సందేహం: ఫిజియోథెరపీ రెండో సంవత్సరం చదువుతున్నానండి. సెంటర్ ఆఫ్ గ్రావిటీని స్కూల్లో గరిమనాభి అని నేర్పారు. నిలబడ్డ మనిషికి అది బొడ్డుకి దగ్గర్లోనే ఉంటుందని ఇప్పుడు క్లాసులో చెప్పారు. అందుకేనా నాభి అన్నారు? మా ఫ్రెండ్ మాత్రం గురుత్వ కేంద్రమే కరెక్ట్ అంటోంది. ఏది రైటు? టార్క్‌కి (అదే, తిప్పే బలానికి) కూడా మంచి తెలుగు మాట చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ ఊహ బాగుంది కానీ కాదు. గరిమనాభి రాయికీ ఉంది, రాయికి బొడ్డేది?

నాభి అంటే సంస్కృతంలో బొడ్డు, బండిచక్రం నడిమి దిమ్మ కూడా, అదే చక్రం ఆకులు, అంటే పుల్లలన్నీ వచ్చి గుచ్చుకునేది, ఇరుసు దూరేది. రెండర్థాలూ వేదం నాటివే. ఇంగ్లీషువాళ్ళ నేవెల్ దీనికి దాయాదే, చక్రం మధ్యభాగాన్ని వాళ్ళూ నేవ్ అనే అన్నారు. మనమేం తక్కువ తినలేదు, జగదాంబ సెంటర్ ఊరి నడిబొడ్డున ఉంది అంటాం కదా, ఊరికి బొడ్డు ఎవరు కోశారు? ఇక గరిమ అంటే బరువు, గురు శబ్దంలోంచి వచ్చింది, అష్టసిద్ధుల్లో అణిమ, లఘిమలతో పాటు ఉండేదే. బరువంతా వచ్చి కూడుకున్నట్టు లెక్కవేసుకునే చోటు కాబట్టి గరిమనాభి, ఎవరు కల్పించారో గానీ చెయ్యి తిరిగినవాళ్ళే. వసనాభి అనే విషపు మొక్క, కస్తూరి నాభి వేరే సంగతులు. పద్మనాభుడి నాభి మాత్రం అచ్చంగా బొడ్డే, మన పద్మనాభం కొండమీద స్వామి పేరు అదే, 1794లో విజయనగరం రాజు విజయరామ గజపతి యుద్ధంలో పోయింది ఆ ఊళ్ళోనే, సరే అది ఇక్కడెందుకు.

మీ ఫ్రెండ్‌కి చెప్పండి, కేంద్రం అసలు గ్రీకు మాట, కెంట్రాన్, జ్యోతిషం వెంట సంస్కృతంలోకి వచ్చింది, దాని అర్థం ఎద్దుల్ని పొడిచే ములుకోల మొన. అంతమాత్రాన గురుత్వ కేంద్రం తప్పనను, చాలామంది రాస్తున్నారు. పరీక్షలో మీ పుస్తకంలో ఏదుంటే అది రాయండి. నాకు ఏది ఇష్టమో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

పైగా మనిషికి కూడా అది సరిగ్గా బొడ్డు దగ్గర ఉండదు, ఇంకాస్త కింద, త్రికాస్థి (వెన్ను అడుగున ఉండే ముక్కోణపు ఎముక) రెండో పూసకి ముందు, కింద నుంచి కొలిస్తే ఎత్తులో సుమారు 55 శాతం దగ్గర, అంటే 160 సెంటీమీటర్ల మనిషికి 88 దగ్గరన్నమాట. అదీ చేతులు కిందకి వేసి నిటారుగా నిలబడితేనే. చేతులెత్తితే పైకి పోతుంది, బిందె చంకనెత్తుకుంటే అటు పోతుంది, అందుకే మనిషి ఇటు ఒంగుతుంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ వెల్లకిలా హైజంప్ చేసి గోల్డ్ కొట్టాడే, ఆ పద్ధతిలో మనిషి కర్ర పైనుంచి పోతుంటే గరిమనాభి కర్ర కిందనుంచి పోవచ్చు. బొడ్డు మాత్రం మనిషితోనే పైనుంచి పోతుంది, కాబట్టి రెండూ ఒకటి కావు.

ఇంతకీ మీరు అడగాల్సిన మాట ఇంకోటి ఉంది, అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. మీ క్లాసులో బేస్ ఆఫ్ సపోర్ట్ అంటారు కదా, దాన్ని ఆధార తలం అని తర్జుమా చేసినవాళ్ళని చూశాను. ఎందుకమ్మా, కుదురు ఉండగా?

పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్ళి చూడండి. తట్ట ఎత్తుకునే ముందు చేపలమ్మే ఆవిడ పాత గుడ్డని అరచేతి చుట్టూ రెండు మెలికలు తిప్పి, కొస లోపలికి దోపి నెత్తిన పెట్టుకుంటుంది, అది చుట్టకుదురు. గొంతుక్కూచుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఇంకొకావిడ సాయం పడితే తట్ట నెత్తికెత్తుకుని లేస్తుంది. లేచాక ఒక్క క్షణం ఆగి, తట్టని వేలెడు అటు జరిపి, అప్పుడు నడుస్తుంది, అడుగులు చిన్నవి, మెడ కదలదు, ఊపంతా నడుం కిందే. ఎందుకంటే నెత్తిన బరువెక్కితే గరిమనాభి పైకి పోయింది, అది ఎంత పైనుంటే తూలడం అంత సులువు. తాపీమేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీసినట్టు ఆ చోటు నుంచి కిందకి గీత గీస్తే అది రెండు పాదాలూ వాటి మధ్య జాగా దాటకూడదు. ఆ జాగానే మనిషికి కుదురు. కుండకి కింద గడ్డిచుట్ట పెడతారే, అదీ కుదురే, మొక్కకి పాదూ కుదురే. ముసలాయన చేతికర్ర పట్టుకుంటే కర్ర మొనదాకా కుదురు పెరిగింది. తప్పటడుగుల పిల్లాడు కాళ్ళు ఎడంగా వేసేది అందుకే. నడకంటే మాత్రం ఏంటి, కుదురు తప్పి ముందుకి పడబోతూ ఇంకో కాలేసి కొత్త కుదురు చేసుకోవడమే.

ఇందులోంచే క్రియ. పెళ్ళి కుదిరింది, బేరం కుదిరింది, పులుసు కుదిరింది, ఎవడిదో తిక్క కూడా కుదిరింది. జ్వరం తగ్గి మనిషి కుదుటపడ్డాడు, కన్నడంలోనూ జబ్బు నయం కావడాన్ని కుదురు అంటారు. కుదుపు దీనికి చుట్టమో కాదో తేల్చి చెప్పలేను గానీ గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి బస్సులో నిలబడి వచ్చినవాడికి రెండూ తెలుసు, కుదుపు ముందుకీ వెనక్కీ వస్తుంది కాబట్టి ఒక కాలు ముందుకి ఒకటి వెనక్కి వేస్తాడు, పక్కలకి చాపడు. ఎవరూ నేర్పలేదు వాడికి.

మరి మొన్న బీచ్‌లో యోగా నేర్పే కుర్రాడు ఏమంటున్నాడు, "కోర్ ఎంగేజ్ చేసి స్టెబిలిటీ మెయింటైన్ చెయ్యండి" అట, ఎదురుగా ఉన్నది అరవై దాటిన తెలుగు ఆడవాళ్ళు. పేపర్లవాళ్ళు ఇంకా ఘనులు, సమతుల్యతను కోల్పోయి కింద పడ్డాడు అని రాస్తారు, తూలి పడ్డాడు అంటే అచ్చులో అక్షరాలు అరుగుతాయా. (తూలుకీ సంస్కృతం తులకీ సంబంధం కలిపేవాళ్ళున్నారు, నాకైతే కనపడదు.) రేపు మీరు పేషెంట్‌తో కాళ్ళు కాస్త ఎడం పెట్టి కుదురుగా నిలబడండి అంటే చాలు, ఆ ముసలాయన నిలబడతాడు.

టార్క్ అడిగారు కదా, పుస్తకాల్లో బలభ్రామకం అని ఉంది, నాకు నోరు తిరగదు, టార్కే అనండి. బరువు ఒంటికి దూరంగా పట్టుకుంటే నడుం పట్టేస్తుంది, దగ్గరగా పట్టుకోమని చెప్పడానికి ఆ మాటతో పనీ లేదు. కుదురు మాట హార్బర్ దగ్గర ఒకావిడ్ని అడిగితే నన్ను కిందనుంచి పైదాకా చూసి, "సుట్టకుదురు సరిగ్గెట్టుకోపోతే తట్ట నిలబడదు బావూ, ఇదీ తెల్దా" అంది.