కాండం తొలిచే పురుగు గుడ్లలో ఏముందో చూశాకే మందు

చిరంజీవి శ్రీనుకు పెదనాన్న ఆశీస్సులు.

దాళ్వా వరిచేలో ఎండుగడ్డి రంగు రెక్కలపురుగులు (కాండం తొలిచే పురుగు తల్లులు) లేస్తున్నాయి, మందు కొట్టనా అని అడిగావు. చదరపు మీటరుకు ఒక గుడ్ల కుప్ప కూడా లేదంటే ఇప్పటికి మందు జోలికి పోవద్దు. ఈలోగా ఆ గుడ్లలో ఏం పెరుగుతోందో చూడు, పురుగు పిల్లా, లేక ఆ గుడ్డులో తన గుడ్డు పెట్టి దాన్ని చంపే నలుసంత కందిరీగా అని. తర్వాతి విడత పురుగు లేచేసరికి ఆ లెక్క నీ చేతిలో ఉండాలి.

గుడ్ల కుప్పలు ఆకు కొసల దగ్గర గోధుమరంగు నూగు కప్పుకుని ఉంటాయి. చేనంతా అడ్డదిడ్డంగా తిరిగి ఒక 20 కుప్పలు, రెండంగుళాల ఆకుతో సహా కత్తిరించు. గట్టు పక్కనే ఏరితే లెక్క తప్పుతుంది. హోమియో మాత్రల సీసాలు కడిగి ఆరబెట్టి, ఒక్కో దాన్లో ఒక్క కుప్పే వెయ్యి. ఆకు మొదలుకి తడి దూది చుట్టు. నీరు కారేంత తడి వద్దు, సీసా గోడకి చెమ్మ పడితే కందిరీగలు దానికే అంటుకుని చస్తాయి. మూతి దూదితో బిగించి, తేదీ రాసి, ఎండ తగలని చోట పెట్టు.

అందరూ చేసే తప్పు ఒకటుంది. వారంలోపు నల్లతల పిల్లపురుగులు బయటికి రాగానే సీసా పారేస్తారు. కందిరీగలు ఆ తర్వాతే వస్తాయి. అందుకని రెండు వారాలు ఉంచు. వచ్చినవాటిని భూతద్దంలో చూడు. నిగనిగలాడే నల్లటిది టెలినోమస్. ఆకుపచ్చ, నీలం మెరుపుతో కాస్త పెద్దగా ఉంటే టెట్రాస్టికస్. ఎర్రకళ్లతో అరమిల్లీమీటరు నలుసు ట్రైకోగ్రామా.

ఈ మూడింటి పని తీరు ఒకటి కాదు. ట్రైకోగ్రామాకి నూగు అడ్డం, పైవరస గుడ్లే దానికి అందుతాయి. టెలినోమస్‌లో ఒక రకం ఆడ రెక్కలపురుగు తోకనూగును పట్టుకుని దాని వెంటే వెళ్లి, అది గుడ్లు పెడుతుండగానే, నూగు కప్పకముందే తన గుడ్డు పెట్టేస్తుంది. టెట్రాస్టికస్ పిల్ల ఒక గుడ్డుతో ఆగదు, పక్కనున్న రెండు మూడు గుడ్లూ తినేస్తుంది. చేలో ఇది ఎక్కువగా కనిపిస్తే నాకు ఎంతో ధైర్యం. 20 సీసాల్లో సగానికి పైగా కందిరీగలు దిగితే, కందిరీగ పట్టిన గుడ్లు అతికించి అమ్మే కార్డులు కూడా కొననక్కర్లేదని నా లెక్క.

తక్కువొస్తే ట్రైకోగ్రామా జపానికం కార్డులు తెప్పించు. ఎకరానికి విడతకి 40 వేల గుడ్లు, వారానికొకసారి, మూడు నాలుగు విడతలు. బియ్యానికి పట్టే రెక్కలపురుగు గుడ్లమీద పెంచుతారు వీటిని. కందిరీగ పట్టిన గుడ్డు నల్లబడుతుంది. కార్డు తెల్లగా ఉందంటే తీసుకోవద్దు. 40 ముక్కలు చేసి పది మీటర్లకొకటి చొప్పున ఆకు అడుగున, సాయంత్రంపూట గుచ్చు. అంతకన్నా దూరమైతే ఆ నలుసులు ఎగరలేవు. వానొచ్చేలా ఉంటే ఆగు. చీమలు పట్టే గట్టు దగ్గర పెట్టకు. డీప్ ఫ్రీజర్లో ఉంచితే లోపలివి చస్తాయి.

కార్డు పెట్టిన వారంలో పైరిథ్రాయిడ్ రకం (సైపర్‌మెత్రిన్ లాంటి) పురుగుమందు మాత్రం వద్దేవద్దు. అది కందిరీగలతో పాటు సాలీళ్లనీ చంపుతుంది. ఆపైన తినేవి లేక సుడిదోమ (వరి రసం పీల్చే పురుగు) విజృంభిస్తుంది. ఈ దోమ గుడ్లు కాండాన్ని చుట్టుకునే ఆకుతొడుగులో దాగి ఉంటాయి, వాటినీ వెతికి గుడ్డుపెట్టే అనాగ్రస్ అనే కందిరీగ ఉంది. మందు దాన్నీ పోగొట్టి దోమపోటు తెచ్చిపెడుతుంది.

ఇంకోటి, ఆకుమీద తెల్ల దూదిముద్దలా గూళ్లు కనిపిస్తే పురుగు గుడ్లనుకుని నలిపెయ్యకు. గొంగళిని లోపల్నుంచి తిని బయటికొచ్చిన కొటీసియా కందిరీగలవి.

గట్ల మీద కలుపుమందు కొట్టడం మాను. నాలుగు బారుల నువ్వులు చల్లు. రెక్కలొచ్చిన కందిరీగలకి వాటి పూల తేనె కావాలి. సీసాల లెక్క రాగానే నాకు రాయి, ఏ సీసాలో ఏది ఎన్ని వచ్చిందో విడివిడిగా.