యూనిట్ తేలాకే ఇల్లు

చి॥ మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఎడిసన్‌లో లీజు ఇంకో మూడు నెలల్లో అయిపోతుందని, ఈలోగా హ్యూస్టన్ వచ్చేసి ఇక్కడి నుంచి జైలు ఉద్యోగానికి అప్లై చేస్తానంటున్నావని అక్క చెప్పింది. ఉద్యోగం సంగతి బాగానే ఉంది, వరసే తిరగబడింది. నువ్వు న్యూజెర్సీలో ఉండగానే అప్లై చెయ్యి. ఏ యూనిట్‌లో (రాష్ట్ర జైళ్ళను ఇక్కడ అలా పిలుస్తారు) వేస్తారో తేలాక ఇల్లు చూసుకో. సామాను కట్టడం అన్నిటికన్నా చివర.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మనం అన్నిటినీ కలిపి జైలు అనేస్తాం. టెక్సస్‌లో అవి రెండు వేర్వేరు కొలువులు. కౌంటీ జైలు షెరిఫ్ చేతిలో ఉంటుంది. విచారణ తేలనివాళ్ళు, చిన్న శిక్షలవాళ్ళు ఎక్కువగా అక్కడుంటారు. అక్కడ పనిచేసే జైలర్‌కు రాష్ట్ర పోలీసు కమిషన్ ఇచ్చే లైసెన్సు కావాలి. దానికి పేజీలకు పేజీల జీవిత చరిత్ర ఫారం నింపాలి, వైద్య పరీక్ష, మానసిక పరీక్ష కూడా ఉంటాయి. ప్రిజన్ రాష్ట్రానిది. హంట్స్‌విల్ కేంద్రంగా నడిచే టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ క్రిమినల్ జస్టిస్, అంటే టీడీసీజే, దాన్ని చూస్తుంది. దానికి ఆ లైసెన్సు అక్కర్లేదు. ట్రైనింగ్ వాళ్ళే ఇస్తారు. అప్లై చేసేనాటికే టెక్సస్‌లో కాపురం ఉండాలన్న నియమం కూడా లేదు. ఇక ఫెడరల్ జైళ్ళకు సిటిజన్‌షిప్ తప్పదు. ఫ్లోరిడా లాంటి కొన్ని రాష్ట్రాల్లోనూ చట్టమే సిటిజన్ అయి ఉండాలంటుంది. నీది ఇంకా గ్రీన్ కార్డే కాబట్టి ప్రస్తుతానికి టీడీసీజే మీదే దృష్టి పెట్టు. కౌంటీల ప్రకటనల్లో సిటిజన్‌షిప్ షరతు ఏముందో మాత్రం చదివాకే ఫారం ముట్టుకో.

ఇక్కడి బంధువుల ఇంటి అడ్రస్ రాసి 'నేను ఇక్కడే ఉంటున్నాను' అని చూపించుకునే ఆలోచన అస్సలు పెట్టుకోకు. న్యూజెర్సీ లైసెన్సు, అక్కడి పే స్టబ్బు, ఇక్కడి అడ్రస్ ఒకే ఫైల్లో పడితే బ్యాక్‌గ్రౌండ్ చూసేవాడు మొదట అడిగేది అదే. ఉన్న అడ్రస్ ఉన్నట్టు రాయి. ఫలానా నెలలో మారతానని అడిగినప్పుడు చెప్పు.

ఈ వారంలోనే కూర్చుని ఒక పట్టిక రాసుకో. పదేళ్ళ వెనక్కి వెళ్ళి ఉన్న ప్రతి ఇల్లూ, చేసిన ప్రతి ఉద్యోగమూ, ఏ నెల నుంచి ఏ నెల దాకానో, పైఅధికారి పేరు, ఫోన్ నంబరుతో సహా ఉండాలి. ఉద్యోగం లేని నెలల్ని ఖాళీగా వదలకు. ఇండియా వెళ్ళావా, చదువుకున్నావా, ఊరికే ఉన్నావా, ఏదైతే అదే రాయి. బ్యాక్‌గ్రౌండ్‌లో చాలామంది చిక్కుకునేది నేరం వల్ల కాదు, తేదీలు ఒకదానికొకటి అతకకపోవడం వల్ల. రేపు సిటిజన్‌షిప్ కోసం ఎన్-400 నింపేటప్పుడూ ఐదేళ్ళ ఇళ్ళు, ఉద్యోగాలు అడుగుతారు. ఆ పట్టికలోంచే ఇదీ అదీ నింపితే రెండు ఫారాల్లో రెండు కథలు ఉండవు.

పేరు దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఇంటిపేరు ముందు రాయడం, ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు, పేరంతా ఒకే గడిలో పడిన పాస్‌పోర్టుల వల్ల వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని అచ్చవడం. గ్రీన్ కార్డ్, సోషల్ సెక్యూరిటీ కార్డ్, లైసెన్సు మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. తేడా ఉంటే ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో సరిచేయించుకో, లైసెన్సు సంగతి ఆ తర్వాత. సరిచేసే టైము లేకపోతే 'ఇతర పేర్లు' అన్న గడిలో అన్ని రూపాలూ రాయి. ఆ గడి పెళ్ళయి ఇంటిపేరు మారిన ఆడవాళ్ళ కోసమే అనుకుని చాలామంది వదిలేస్తారు.

సెలెక్టివ్ సర్వీస్ రిజిస్ట్రేషన్ (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి పెట్టిన నమోదు) కూడా ఇప్పుడే చూడు. 18 నుంచి 25 ఏళ్ళ మధ్య గ్రీన్ కార్డ్ మీద ఉన్న మగవాళ్ళంతా అందులో నమోదు కావాలి. 26 నిండాక కావాలన్నా కుదరదు. ఎఫ్-1 (చదువు), హెచ్-4 (డిపెండెంట్) వీసాల మీద చట్టబద్ధంగా ఉన్న కాలానికి ఆ బాధ్యత లేదు. నువ్వు ఇరవై మూడో ఏట గ్రీన్ కార్డ్‌తోనే దిగావు కాబట్టి నీకు వర్తిస్తుంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఇంటిపేరు, పుట్టినతేదీ, సోషల్ నంబరు కొట్టి చూడు. దొరకకపోతే ఇంటిపేరు గడిలో అసలు పేరు కొట్టి మళ్ళీ చూడు. అయినా లేకపోతే వాళ్ళ దగ్గర నుంచి స్టేటస్ లెటర్ తెప్పించుకోవాలి. అది పోస్టులో రావాలి, అందుకే ముందు చూడమంటున్నాను.

చదువుకు హైస్కూల్ డిప్లొమా గానీ, దానికి సమానమైన జీఈడీ పరీక్ష గానీ చాలు. అయితే మన పదో తరగతి మెమో దానికి సాటి రాదు. ఇంటర్ మెమో తీసుకుని, విదేశీ చదువుల్ని ఇక్కడి చదువుతో పోల్చి రిపోర్టిచ్చే సంస్థల సంఘం నేసెస్, అందులోని సభ్య సంస్థ ఒకదానితో ఎవాల్యుయేషన్ చేయించు. రిపోర్టు చేతికి రావడానికి వారాలు పడుతుంది. బోర్డు నుంచి నేరుగా ధ్రువీకరణ పంపమంటే ఇంకా సాగుతుంది.

కేసుల విషయంలో దాపరికం వద్దు. ఫెలొనీ (పెద్ద నేరం) శిక్ష, గృహహింస శిక్ష, పెండింగ్ కేసు, వారంటు వీటిలో ఏది ఉన్నా దారి మూసుకున్నట్టే. నీకవేమీ లేవు, నీతోపాటు అప్లై చేస్తానంటున్న నీ రూమ్మేట్‌కు చెప్పు. ఇంట్లో గొడవ మీద పెట్టిన కేసును చిన్న నేరంగా ఒప్పుకుని బయటపడ్డా, 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ పట్టుకోకూడదు. యూనిఫాం వేసుకున్నవాళ్ళకూ అందులో మినహాయింపు లేదు. కొట్టేసిన కేసైనా, రికార్డులోంచి తుడిపించుకున్నదైనా, జైలు శాఖ ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు చెప్పి తీరాలని న్యూజెర్సీ చట్టంలోనే ఉంది. ట్రాఫిక్ టికెట్లకు మోటార్ వెహికల్ కమిషన్ నుంచి డ్రైవర్ అబ్‌స్ట్రాక్ట్ తీసుకో. నీకు గుర్తులేని టికెట్లు కూడా అందులో కనిపిస్తాయి. ఈ-జీపాస్ టోల్ బాకీలుంటే అన్నీ కట్టేసి రసీదు దాచుకో.

డ్రగ్ టెస్టు గురించి రెండు మాటలు. న్యూజెర్సీలో గంజాయి షాపులో అమ్ముతారు, అది అక్కడి చట్టం. టెస్టు చేసే వాడికి ఆ చట్టంతో పనిలేదు. గంజాయి జాతి మొక్క నుంచే వచ్చే డెల్టా-8 గమ్మీలు, సీబీడీ నూనెలు కూడా మానెయ్. ఇంకోటి మన వంటింట్లోది. గసగసాలు! కోడికూర మసాలాలో నూరేస్తాం, గసగసాల కూర అని విడిగానూ చేస్తాం. వాటి వల్ల మూత్రంలో మార్ఫిన్, కొడీన్ కనిపించే మాట నిజం. ఆ కారణంగానే ఫెడరల్ ఉద్యోగాల టెస్టుల్లో ఓపియేట్ (మార్ఫిన్ లాంటి మందుల) కటాఫ్‌ను 1998లో మిల్లీలీటరుకు 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచారు. అన్ని ల్యాబులూ ఆ కటాఫే వాడతాయన్న హామీ లేదు. టెస్టుకు వారం ముందు నుంచి గసగసాల జోలికి పోవద్దని అక్కకు చెప్పు. డాక్టరు రాసిన మందులుంటే సీసాలతో సహా తీసుకెళ్ళు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. టీడీసీజే కింద రాష్ట్రమంతటా వంద దాకా యూనిట్లున్నాయి. 'హ్యూస్టన్ దగ్గర' అని నువ్వు రాస్తే వాళ్ళకు హంట్స్‌విల్ కూడా దగ్గరే. హ్యూస్టన్ నుంచి ఐ-45 మీద ఉత్తరానికి 70 మైళ్ళు. బోమాంట్ తూర్పుకు 85 మైళ్ళు. అమరిల్లో అయితే 600 మైళ్ళు, అదంతా ఒకే రాష్ట్రం! మనవాళ్ళు ఎక్కువగా ఉండే షుగర్‌ల్యాండ్, పేర్‌ల్యాండ్‌లకు దగ్గరివి రెండు గుంపులు. రిచ్‌మండ్ పక్కన జెస్టర్-3, వాన్స్ యూనిట్లు, దక్షిణాన రోషరాన్ చుట్టూ రామ్సే, టెరెల్, స్ట్రింగ్‌ఫెలో, మెమోరియల్. షుగర్‌ల్యాండ్‌లోనే ఉండే సెంట్రల్ యూనిట్ 2011లో మూసేశారు, పాత సమాచారం చూసి దాన్ని అడగకు. రిక్రూటర్‌కు ఊరి పేరు చెప్పవద్దు, యూనిట్ల పేర్లు చెప్పు. మొదట కోరుకునేది, దానికి బదులుగా ఒప్పుకునేవి రెండు. ఆఫర్‌లో ఏ పేరుందో చూసుకునేదాకా అడ్వాన్సు కట్టకు.

దూరం లెక్క మామూలు ఆఫీసు లెక్కలా వేయకు. చాలా యూనిట్లలో పన్నెండు గంటల షిఫ్టు. దానికి ముందు సోదా, బ్రీఫింగ్. మనుషులు తక్కువైతే డ్యూటీ దిగాల్సిన వేళకు ఇంకొన్ని గంటలు ఉండమంటారు, కాదనడానికి వీల్లేదు. దాని మీద గంటంపావు డ్రైవ్ పెట్టుకుంటే నిద్ర నాలుగైదు గంటలకు పడిపోతుంది. అరగంట దాటని ఇల్లు చూడు. స్కూళ్ళు, గుడి, ఇండియన్ స్టోర్ దగ్గరగా ఉండాలని పేర్‌ల్యాండ్ కావాలంటే, రోషరాన్ యూనిట్ వస్తేనే అది లెక్కకు కుదురుతుంది. కొన్ని యూనిట్ల దగ్గర ఒంటరిగా వచ్చేవాళ్ళకు తక్కువ అద్దెకు క్వార్టర్లుంటాయి, ఖాళీ ఉందేమో యూనిట్ హెచ్ఆర్‌ను అడుగు. మొదటి రెండు నెలలు నువ్వొక్కడివే అక్కడ ఉండి, తర్వాత ఇంట్లోవాళ్ళను తీసుకురావడం నా ఉద్దేశంలో ఉత్తమం. ట్రైనింగ్ ఒక ఊళ్ళో, యూనిట్ ఇంకో ఊళ్ళో పడే అవకాశమూ ఉంది. ట్రైనింగ్‌లో బస ఇస్తారా, మనమే చూసుకోవాలా అని ఆఫర్ తీసుకునేటప్పుడే అడుగు. మనుషులు దొరకని యూనిట్లకు బోనస్ ఇస్తామంటారు. ఇంతకాలం పనిచేయాలన్న షరతు చదవకుండా సంతకం పెట్టకు.

ఎండల మాట కూడా చెప్పాలి. ఇక్కడ చాలా యూనిట్లలో ఖైదీలుండే చోట ఏసీ ఉండదు. ఆగస్టులో పన్నెండు గంటలు అక్కడే నిలబడాలి. వీలైతే చేరే తేదీ అక్టోబరు తర్వాత పడేలా చూసుకో.

ఇప్పుడున్న ఉద్యోగం ఎప్పుడు మానాలి అంటావా? ఫోన్లో 'సెలెక్ట్ అయ్యావు' అంటే మానకు. షరతులతో ఇచ్చే ఆఫర్ లెటర్ వచ్చినా మానకు. డ్రగ్ టెస్టు, బ్యాక్‌గ్రౌండ్ రెండూ ముగిసి, చేరాల్సిన తేదీ కాగితం మీద ఉన్నాకే రెండు వారాల నోటీసు ఇవ్వు.

టెక్సస్ రాష్ట్ర ఉద్యోగులకు జీతం నెలకొక్కసారే, తరువాతి నెల మొదటి పనిదినాన. మార్చి 25న చేరితే మొదటి పూర్తి నెల జీతం మే మొదట్లో చూస్తావు. రెండు వారాలకోసారి చెక్కు అందుకోవడం అలవాటైనవాళ్ళు ఇక్కడే క్రెడిట్ కార్డు మీద పడతారు. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని కదులు. హెల్త్ ఇన్సూరెన్సు ఇంకా ఆలస్యం, చేరాక 60 రోజులు గడిచి ఆ మరుసటి నెల ఒకటో తేదీకి మొదలవుతుంది. జూన్ 10న చేరితే సెప్టెంబరు 1. మధ్యలో కోబ్రా ఉంది, అంటే పాత ఉద్యోగపు ఇన్సూరెన్సును సొంత డబ్బుతో కొనసాగించుకునే హక్కు. తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి 60 రోజుల గడువు ఇస్తారు, తీసుకుంటే పాత ప్లాన్ ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కాగితం దగ్గర పెట్టుకుని ఆగుతారు. కానీ మీది న్యూజెర్సీ డాక్టర్ల నెట్‌వర్క్‌కే పరిమితమైన హెచ్ఎంఓ ప్లాన్ అయితే ఇక్కడ ఎమర్జెన్సీ తప్ప ఏదీ కవర్ కాదు. పిల్లతో రిస్కు వద్దు. ప్రభుత్వ ఇన్సూరెన్సు వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో టెక్సస్ ప్లాన్ తీసుకో, దానికీ 60 రోజులే గడువు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు లీజు బాకీ మిగల్చకు. అది కలెక్షన్లకు వెళ్ళి, క్రెడిట్ చూసే కౌంటీ ఉద్యోగానికి తర్వాత అడ్డుపడుతుంది. కొత్త అడ్రస్ రాసివ్వు, ఇంటి ఫోటోలు తీసుకో. న్యూజెర్సీలో డిపాజిట్ 30 రోజుల్లో వెనక్కి ఇవ్వాలి.

కారు విషయంలో వరస తప్పితే గొడవే. ముందు టెక్సస్ ఇన్సూరెన్సు తీసుకో. హ్యారిస్, ఫోర్ట్ బెండ్, బ్రజోరియా లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్టు ఉంటుంది, అది చేయించు. 30 రోజుల్లోగా కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించాలి, కొత్తగా వచ్చినవాళ్ళకు 90 డాలర్ల పన్ను అదనం. ఆ కాగితం పట్టుకుని 90 రోజుల్లోగా లైసెన్సుకు వెళ్ళు, కారున్నవాళ్ళను ఆ రిజిస్ట్రేషన్ అడుగుతారు. పాత లైసెన్సు అప్పగిస్తే పరీక్షలుండవు. అపాయింట్‌మెంట్ మాత్రం రాకముందే బుక్ చేసుకో, ఇక్కడ తేదీలు దొరకవు. న్యూజెర్సీ నంబరు ప్లేట్లు అక్కడి కమిషన్‌కు పంపి, రసీదు వచ్చాకే పాత ఇన్సూరెన్సు రద్దు చెయ్యి. ముందే రద్దు చేస్తే ఇన్సూరెన్సు లేని కారుగా లెక్కేసి రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేస్తారు. బ్యాక్‌గ్రౌండ్ నడుస్తుండగా నీ రికార్డు మీద పడే మచ్చ అది.

ఇల్లు మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు అడ్రస్ మార్పు చెప్పాలి, గ్రీన్ కార్డ్ వాళ్ళకూ తప్పదు. పోస్టాఫీసులో మార్చుకుంటే వాళ్ళకు తెలియదు. ఎన్-400 వేయాలంటే ఆ రాష్ట్రంలో గానీ, వాళ్ళ జిల్లాలో గానీ మూడు నెలలు కాపురం ఉండాలి. న్యూజెర్సీలో వేసి మధ్యలో మారితే ఫైలు ఇక్కడి ఆఫీసుకు కదలాలి, ఇంటర్వ్యూ వెనక్కి పోతుంది. తొందర లేకపోతే ఇక్కడికొచ్చి మూడు నెలలయ్యాక వెయ్యి.

చివరగా, యూనిట్ లోపలికి సెల్‌ఫోన్ తీసుకెళ్ళకూడదు, కారులోనే వదిలెయ్. లోపల దొరికితే ఉద్యోగంతో పోదు, నేరమే. పన్నెండు గంటలు నువ్వు ఫోనెత్తవు. చేరిన మొదటి రోజే యూనిట్ మెయిన్ నంబరు తీసుకుని మీ ఆవిడకూ, మీ అమ్మకూ ఇవ్వు. లేకపోతే అక్క సాయంత్రానికల్లా నాకు పదిసార్లు ఫోన్ చేస్తుంది.

మీ మామయ్య