స్టేషన్ పక్క పార్కు ఎవరిది?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది కాజీపేట–బల్లార్షా లైన్‌ మీద ఒక చిన్న పట్నం. ఊరి పేరు వేయకండి. స్టేషన్ వెనక గేటు నుంచి మా కాలనీకి మూడు నిమిషాల నడక. 1994లో మా ఆయన ప్లాటు కొన్నప్పుడు మొత్తం వెంచరు రెండున్నర ఎకరాలు. నడుమ పది గుంటలు పార్కుకని చూపించిండ్రు. ఇంటికి రెండు బిందెల లెక్కన నీళ్లు మోసి వేప, కానుగ చెట్లు మేమే బతికించుకున్నం. బతుకమ్మ కూడా అక్కడే ఆడుతం. పోయిన నెల ఎవరో వచ్చి టేపు పట్టి కొలిచి, చెట్లకు ఎర్ర రంగుతో నంబర్లు రాసి పోయిండ్రు. కింద పార్కింగు, పైన షాపులు కడతరట. స్టేషన్ పక్కన ఇంత విలువైన జాగ ఉత్తగ ఎందుకు పడి ఉండాలె అంటున్నరు. మా కాలనీలోనే కొందరు మన ప్లాట్ల రేటు పెరుగుతదని సంబురపడుతున్నరు. రైళ్ల కోసం వచ్చేటోళ్లు కూర్చుంటున్నరని రెండేండ్ల కింద మేం గేటుకు తాళం వేసుకున్నం. ఇప్పుడు దీన్ని ఆపగలమా?
– ఒక గృహిణి

జవాబు: చెల్లెమ్మా, ఆపొచ్చు. కానీ ముందు ఆ తాళం తీయండి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా భయమేసింది ఆ ఒక్క మాటకే. రేపు ఏ అధికారి ముందు నిలబడినా ‘ఇది అందరి జాగ’ అని మీరు చెప్పాలి. గేటుకు తాళం వేలాడుతుంటే ఆ మాట ఎవరు నమ్ముతారు? భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి పిల్లను చంకనేసుకుని వచ్చిన తల్లి ఆ వేప నీడన కాసేపు కూర్చుంటే మీకు పోయేదేమీ లేదు. పైగా మీ తరఫున మాట్లాడే మనిషి ఒకరు పెరుగుతారు. స్టేషన్ దగ్గర కాబట్టే అక్కడ నీడ మరింత అవసరమని నేను నమ్ముతాను.

ఇక జాగ సంగతి. పట్టణ ప్రణాళిక విభాగంలో నేను పనిచేసిన రోజుల్లో లేఅవుట్ ప్లాన్లకు చేత్తో రంగులు వేసేవాళ్లం. ఖాళీ స్థలానికి ఆకుపచ్చ. మీ రెండున్నర ఎకరాలంటే నూరు గుంటలు, అందులో పార్కు పది. సరిగ్గా పదో వంతు. ఈ లెక్క చూస్తే అది ఎవరో దయతలచి వదిలిన జాగలా లేదు, నియమం ప్రకారం వదిలిందే అనిపిస్తున్నది. అలాంటి స్థలాన్ని వెంచరు వేసినవాళ్లు గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, రాసి స్థానిక సంస్థకు అప్పగిస్తారు. తీసుకున్న సంస్థ దానికి కాపలాదారు మాత్రమే. అమ్ముకోవడానికో, షాపులు కట్టి కిరాయికి ఇచ్చుకోవడానికో రాసిచ్చింది కాదు.

ఇంకో కోణం చూడండి. 2020లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణకు నిబంధనలు తెచ్చినప్పుడు, ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో ప్లాటు విలువ మీద 14 శాతం అదనంగా కట్టమన్నారు. అంటే పార్కు లేకపోవడానికి ఖరీదు కట్టింది ప్రభుత్వమే. మీ దగ్గర ఆ పార్కు ఉంది. ప్లాట్లు కొన్న ప్రతి ఇల్లూ దాని ధరను 1994లోనే చెల్లించుకుంది. రేటు పెరుగుతుందని సంబురపడేవాళ్లకు ఈ ముచ్చట కూర్చోబెట్టి చెప్పండి.

కోర్టులేమంటాయని మీరు అడగలేదు కానీ, తెలిస్తే ధైర్యంగా ఉంటుంది. బెంగళూరులో పార్కుకని ఉంచిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకోమని ఒక ట్రస్టుకు ఇస్తే, చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది. గమనించండి, అక్కడ కట్టబోయింది ఆసుపత్రి! లక్నో అమీనాబాద్‌లో ఝండేవాలా పార్కు కింద షాపింగ్ కాంప్లెక్సు కట్టేస్తే, 1999లో దాన్ని కూల్చి పార్కును మళ్లీ పార్కుగా చేయమన్నది. మీ దగ్గర ఇంకా పునాది కూడా తవ్వలేదు. తవ్వకముందే కదలాలి.

ఈ వారమే ఒక పని చేయండి. మున్సిపాలిటీకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ఫీజు 10 రూపాయలు. లేఅవుట్ అనుమతి, ఆమోదించిన ప్లాను, గిఫ్ట్ డీడ్, ఈ కట్టడానికి చేసిన తీర్మానం, ఈ నాలుగింటి నకళ్లూ అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. గిఫ్ట్ డీడ్ రిజిస్ట్రేషన్ అయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా దొరుకుతుంది. ఈలోగా సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి అర్జీ ఇచ్చి, రసీదు జాగ్రత్త చేసుకోండి. జాగ రైల్వేది అని తేలితే దారి వేరు, అప్పుడు ఈ మాటలు పనికిరావు. అందుకే కాగితం ముందు, ధర్నా తర్వాత.

హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే ఖర్చుకు జంకొద్దు. న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, వకీలును ఉచితంగా ఇస్తారు. అర్జీ మీ పేరుతో వేయండి, మీవారి పేరుతో వద్దు.

అభివృద్ధికి అడ్డమా అంటే, మీరు అడ్డం పడేది స్టేషన్‌కు కాదని చెప్పండి. బండ్లు పెట్టుకోవడానికి చోటు లేక జనం అవస్థ పడుతున్నది నిజమే, దాన్ని కొట్టిపారేయకండి. స్టేషన్ చుట్టూ వాడకుండా ఉన్న ప్రభుత్వ స్థలాలు ఏమున్నాయో మీరే తిరిగి చూసి, అర్జీలో రాయండి. మున్సిపాలిటీలు బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం చెబుతున్నది. ఉన్న చెట్లు నరికి, ఆ డబ్బుతో ఇంకెక్కడో మొక్కలు నాటడం ఏం లెక్కో వాళ్లనే అడగండి.

చెట్ల మీది ఎర్ర నంబర్లు కోపంతో చెరిపేయకండి. ఒక్కో చెట్టు ముందు ఆ రోజు పేపరు పట్టుకుని, నంబరు కనిపించేలా ఫొటో తీయండి. చెట్టు కొట్టాలంటే నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. అది తీసుకున్నారా అని అదే దరఖాస్తులో అడగండి. ప్లాను నకలు చేతికొచ్చాక ఆ పది గుంటలకు ఏ రంగు వేసి ఉన్నదో నాకు తప్పకుండా రాయండి.