పాప ఇంటికి వచ్చిన కొత్తలో: ఫంక్షన్ వద్దు, బకెట్ కొనండి

మీరు అడిగింది ఇది కదా: ఇండియా నుంచి మూడేళ్ళ పాపను దత్తత తీసుకున్నారు, వచ్చే నెల అమెరికా తీసుకొస్తున్నారు. వచ్చిన వారానికే హాలు బుక్ చేసి అందరినీ పిలుద్దామని మీ అత్తగారు అంటున్నారు. పెట్టుకోవచ్చా అని. వద్దండీ. కనీసం ఆరు నెలలు ఆగండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మాది హైదరాబాద్, ఉండేది డాలస్ దగ్గర. మా అమ్మాయిని 2018లో మహారాష్ట్రలోని ఒక శిశుగృహం నుంచి తెచ్చుకున్నాం. అప్పటికి తనకి మూడేళ్ళు నిండి రెండు నెలలు. కాగితాల సంగతి మీకు ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటుంది, అందులోకి పోను. మాకు దత్తత ఆర్డర్ కోర్టు ఇచ్చింది, 2022 సెప్టెంబర్ నుంచి జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తున్నారు కాబట్టి మా అనుభవం అక్కడ మీకు పనికిరాదు కూడా. ఒక్కటి మాత్రం ఇవాళే చూసుకోండి: హెల్త్ ఇన్సూరెన్స్. పాప పేరు ఎక్కించడానికి చాలా కంపెనీల్లో 30 రోజులే గడువు, ఆ లెక్క దత్తత నుంచి మొదలవుతుంది, విమానం దిగిన రోజు నుంచి కాదు. హెచ్‌ఆర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇక అసలు విషయం. మనకు పాప దొరికింది. పాపకు మాత్రం ఇల్లు పోయింది. మేం ఎంత చదువుకుని వెళ్ళినా ఈ ముక్క బుర్రకెక్కడానికి టైమ్ పట్టింది. శిశుగృహంలో తను పదిహేనుమంది పిల్లలతో ఒకే హాల్లో పడుకునేది, రాత్రంతా లైటు, ఫ్యాన్ చప్పుడు, ఎవరో ఒకరి ఏడుపు. మేమేమో గులాబీ రంగు వేయించి, బొమ్మలు పేర్చి, తనకంటూ ఒక గది సిద్ధం చేశాం. మొదటి రాత్రి ఆ నిశ్శబ్దానికి బెదిరిపోయి గుమ్మంలో కూర్చుంది. మర్నాటి నుంచి మా గదిలోనే కింద పరుపు, టేబుల్ ఫ్యాన్, బాత్‌రూమ్ లైటు. గులాబీ గదిలో ఏడాది పాటు ఇస్త్రీ బట్టలు పెట్టుకున్నాం.

స్నానం ఇంకో కథ. టబ్బులో నీళ్ళు చూస్తే వణికిపోయేది. నాలుగో రోజు మావారు ఇండియన్ స్టోర్ నుంచి బకెట్, మగ్గు పట్టుకొచ్చారు. ఆ మగ్గు చూడగానే తనే వచ్చి బకెట్ పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని తల వంచింది, పొయ్యండి అన్నట్టు. అన్ని రోజుల్లో తను మమ్మల్ని నమ్మి చేసిన మొదటి పని అదే.

తిండి దాచుకోవడం కూడా జరగవచ్చు. దిండు గలీబులో చపాతీ ముక్కలు దొరికాయి, ఎండిపోయి. నేను తీసేస్తే ఆ రాత్రి నిద్రపోలేదు. డాక్టరు చెప్పినట్టు తనకి అందేచోట ఒక డబ్బాలో అరటిపండు, బిస్కెట్లు ఎప్పుడూ ఉండేలా పెట్టాం. నెలన్నరకి దాచడం దానంతటదే తగ్గింది. డాక్టరంటే గుర్తొచ్చింది, వచ్చిన రెండు మూడు వారాల్లోపే పరీక్షలన్నీ మళ్ళీ చేయించండి: హెపటైటిస్ బి, హిమోగ్లోబిన్, రక్తంలో సీసం, మలపరీక్ష. ఇండియాలో చేసిన రిపోర్టులున్నాయి కదా అనుకోకండి. మా పాపకు ఇక్కడే జియార్డియా (పేగుల్లో చేరే ఒక పరాన్నజీవి) బయటపడింది, మందులతో పోయింది. మాటలు ఆలస్యంగా వస్తున్నాయనిపిస్తే, మూడేళ్ళు దాటిన పిల్లలకు మీ స్కూల్ డిస్ట్రిక్టే ఉచితంగా పరీక్ష చేస్తుంది.

భాష సంగతి. మా పాపకు మరాఠీ తప్ప ఏదీ రాదు. నన్ను 'మావశీ' అని పిలిచేది, అంటే పిన్ని, అక్కడ ఆయాలందర్నీ అలాగే పిలిచేవాళ్ళు. రెండు నెలలు నేను మావశీనే. మా అమ్మ వీడియో కాల్‌లో "అమ్మ అనమ్మా, అమ్మ" అని వెంటపడుతుంటే నేనే ఆపాను. వద్దు అనడానికి 'నకో' అనేది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని, 'నక్కో' నాకెందుకు తెలియదు! మా ఇద్దరికీ మొదట కలిసిన మాట అదే. వెళ్ళేముందు ఆయాల దగ్గర కూర్చుని పాప వాడే మాటలు రాసుకోండి: నొప్పి, ఆకలి, బాత్‌రూమ్, భయం. జోలపాట ఏదైనా ఉంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. తను వేసుకొచ్చిన గౌను వెంటనే ఉతకొద్దు, ఆ వాసనే తనకి తెలిసిన ఊరు.

ఇప్పుడు ఫంక్షన్ దగ్గరకొస్తాను. మేం చేసిన తప్పు అదే. మూడో వారం ఒక నలభైమందిని ఇంటికి పిలిచాం. పాప ఏడవలేదు. ఎవరు చేతులు చాస్తే వాళ్ళ ఒళ్ళోకి వెళ్ళింది, ఎవరు పెడితే అది తింది. "ఎంత కలుపుగోలు పిల్లో, కొత్తే లేదు" అని అందరూ మురిసిపోయారు. మా సోషల్ వర్కర్ విని మురిసిపోలేదు. ఆయాలు డ్యూటీలు మారే చోట పెరిగిన పిల్లకి పెద్దవాళ్ళందరూ ఒకటే, అమ్మ ఎవరో ఇంకా తెలియలేదని దాని అర్థం అంది. అప్పటి నుంచి నాలుగు నెలలు ఒకటే రూలు: తినిపించడం, ఎత్తుకోవడం, నిద్రపుచ్చడం మేమిద్దరమే. చుట్టాలు వచ్చినా ఆడించవచ్చు, ముద్ద పెట్టకూడదు. మా అత్తగారు నొచ్చుకున్నారు. నొచ్చుకోనిచ్చాను, తర్వాత సర్దుకున్నారు. మీ అత్తగారికి మీరు కాకుండా మీవారి చేత చెప్పించండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మొదటి రెండు నెలలు నాకు పాప మీద ప్రేమ రాలేదు. జాలి, భయం, టెన్షన్ ఉన్నాయి. బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. మీకూ అలా అయితే మీరు చెడ్డవాళ్ళేం కాదు, సోషల్ వర్కర్‌కి చెప్పండి. ఎలాగూ మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి రిపోర్టు రాయడానికి వస్తారు. తప్పులు పట్టడానికి వచ్చినట్టు చూడకండి, నాకైతే ఆవిడే దిక్కయింది. ఉద్యోగం చేస్తుంటే, ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ (కుటుంబ, వైద్య అవసరాలకు అమెరికా చట్టం ఇచ్చే) సెలవు 12 వారాలు దత్తతకు కూడా ఉంటుంది. జీతం రాదు, కంపెనీ సైజు, సర్వీసు షరతులున్నాయి, కానీ కుదిరితే వదులుకోకండి.

ఎనిమిదో నెలలో గుడికి వెళ్ళాం. తెలిసినావిడ ఒకరు చాక్లెట్ చూపించి చేతులు చాచారు. పాప 'నకో' అని గట్టిగా అరిచి నా చున్నీ వెనక దూరింది. ఆవిడ ముఖం మాడ్చుకున్నారు. నేను క్షమాపణ చెప్పాను కానీ నవ్వు ఆపుకోలేకపోయాను. మర్నాడే ఫంక్షన్‌కి హాలు వెతకమని మావారికి చెప్పాను.

మీ పాపది ఏ రాష్ట్రమో కింద రాయండి. మరాఠీ అయితే నా పాత నోటుబుక్కులో నలభై మాటలున్నాయి, ఇక్కడే టైప్ చేసి పెడతాను.