ఆ మాట అడగాల్సింది మీ అన్నయ్య

ప్రశ్న: నాన్నగారి ఇన్సూరెన్స్ కాగితాల కోసం ఆస్పత్రి కౌంటర్ చుట్టూ తిరిగి విసిగిపోయాను. మళ్ళీ ఏదో సంతకం తక్కువైందనేసరికి అక్కడి అమ్మాయి మీద అందరి ముందూ అరిచేశాను. తను ఏమీ అనకుండా నాన్నగారికి తన కుర్చీ వేసి, సంతకాలు కావలసిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఇచ్చింది. "ఒక్కరే తిరుగుతున్నారా మేడమ్?" అంది. ఇక ఏడుపు ఆగలేదు. అన్నయ్యకి చెబితే "ఇంత చిన్నదానికి ఏడవడమేంటి" అన్నాడు. నేనంత బలహీనురాలినా? మళ్ళీ వెళ్ళి థాంక్స్ చెబితే అతిగా ఉంటుందా?

జవాబు: వెళ్ళి చెప్పండమ్మా. సారీ కూడా చెప్పండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ పరిశోధకులు 2018లో ఇదే విషయం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కృతజ్ఞత చెప్పేవాళ్ళు అవతలివాళ్ళు ఇబ్బంది పడతారేమోనని లేనిపోనిది ఊహించుకుంటారట, వాళ్ళ సంతోషాన్ని మాత్రం తక్కువ అంచనా వేస్తారట. వచ్చినవాళ్ళ విసుగంతా భరించే సీట్లో ఉన్న పిల్లకి ఓ మంచి మాట అతి ఎలా అవుతుంది?

బలహీనత ఊసే వద్దు. ఇన్నాళ్ళూ ఆ తిరుగుడంతా తట్టుకున్న మనిషి, ఆప్యాయంగా ఒక్క మాట అడిగేసరికి తట్టుకోలేకపోయారు. ఎందుకంటే ఆ మాట ఇంట్లో ఎవరూ అడగలేదు. మీ చేత తిట్లు తిన్న అమ్మాయి మీ మొహం చూసి కనిపెట్టింది. కలిసి పెరిగిన అన్నయ్యకి చెప్పినా అర్థం కాలేదు. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ అన్నయ్య దగ్గరే నేను ఆగిపోయాను. చదువుతుంటే నాకు కోపం వచ్చింది. తండ్రి ఇద్దరికీ తండ్రే. కూతురు దగ్గరుండి చూసుకుంటోంది కదా అని కొడుకు ఫోన్లో పలకరించి ఊరుకుంటే నేను ఒప్పుకోను.

అయితే ఆయన్ని మీరు ఎప్పుడైనా రమ్మన్నారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. "పర్లేదన్నయ్యా, నేను చూసుకుంటాలే" అనే ఆడపిల్లలు మన ఇళ్ళలో చాలామంది. పైకి అలా అంటూ లోపల కుమిలిపోతారు. ఆ కోపం చివరికి సంబంధం లేనివాళ్ళ మీద పడుతుంది, మొన్న కౌంటర్ దగ్గర పడినట్టే.

ఇవాళే ఫోన్ చేయండి. ఎందుకు ఏడ్చారో సంజాయిషీ ఇవ్వకండి. "వచ్చేసారి నాన్నని నువ్వు తీసుకెళ్ళాలి, సెలవు పెట్టుకో" అని తేదీతో సహా చెప్పండి. డబ్బు పంపుతానంటే తీసుకోండి, మనిషి కూడా రావాలనండి. ఆ రోజు కుదరదంటే ఏ రోజు కుదురుతుందో ఆయన్నే చెప్పమనండి. అది తేలేదాకా "సరేలే" అని ఫోన్ పెట్టేయకండి.