ఉత్తర అండమాన్‌లోని అత్తగారి ఊరికి వెళ్లి స్థిరపడవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో సంగతి ఇది. మీరు విశాఖ అమ్మాయి, మీ వారిది దిగ్లీపూర్ దాటాక సముద్రం వైపున్న ఒక బెంగాలీ పల్లె. అత్తమామలు పెద్దవారయ్యారు. ఊళ్లో కొంత వరి మడి, కొండవాలులో వక్కతోట, కొబ్బరిచెట్లు ఉన్నాయి. మీ వారు ఉద్యోగం మానేసి అక్కడికి వెళ్దామంటున్నారు. ఆ ఊరికి భవిష్యత్తు ఉందా, పర్యాటకం వస్తే బాగుపడుతుందా అని మీరు అడుగుతున్నారు.

భవిష్యత్తు ఉందనే నా నమ్మకం. అయితే అది పర్యాటకుల వల్ల రాదు, ఆ కొండవాలు తోట వల్ల వస్తుంది. ఆ తోట మీద బతకగలరా లేదా అన్నది భూమి కాగితాలు, ఆసుపత్రి, రవాణా అనే మూడింటి మీద ఆధారపడి ఉంది.

ఈ మాట చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటో కూడా చెబుతాను. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డారు. (2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది.) నేను జంగ్లీఘాట్ తెలుగు ఇళ్ల మధ్య పెరిగాను. ఉపాధ్యాయురాలిగా చేరాక ఉత్తర అండమాన్‌లో, మీ అత్తవారి ఊరిలాంటి పల్లెలోనే ఇల్లు అద్దెకు తీసుకుని చాలా ఏళ్లు ఉన్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. దిగ్లీపూర్ దగ్గరి రేవు ఏరియల్ బే, దుర్గాపూర్ వైపు డింగీల (చిన్న పడవల) మీద వేటకు వెళ్లే మనవాళ్లు కనిపిస్తారు కాబట్టి, అక్కడ మీరు మరీ ఒంటరి కారు.

మొదట భూమి సంగతి. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులను ప్రభుత్వం ఈ దీవులకు తెచ్చి స్థిరపరిచింది. దిగ్లీపూర్ వైపు 1950లలో వచ్చారు. సాధారణంగా ఒక కుటుంబానికి పది ఎకరాలు: అయిదు ఎకరాల పల్లం వరికి, అయిదు ఎకరాల కొండవాలు తోటకు. మీ మామగారి తండ్రి అడవి నరికి, వేళ్లు పెకలించి చేసుకున్న పొలం అదే అయి ఉంటుంది. ఆ తరం పడ్డ కష్టం గురించి ముసలివాళ్లు చెప్పగా ఎన్నో సాయంత్రాలు విన్నాను, ఆ కష్టం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అదే సమయంలో, ఆ నేల ఎవరూ లేని ఖాళీ నేల కాదన్నది కూడా మరవలేను. ఉత్తర అండమాన్ అంతా ఒకప్పుడు గ్రేట్ అండమానీయుల తెగలది. బ్రిటిషువారు వచ్చాక రోగాలతో వారు దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. ఆ తెగల భాషల్లో ఒకటైన బో తెలిసిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూశారు. మా పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి లేకపోయినా నేను పిల్లలకు చెప్పేదాన్ని.

ఇప్పుడు మూడో తరం వచ్చింది, ఆ పది ఎకరాలు మాత్రం పెరగలేదు, ఇక పెరగవు. దీవుల్లో 80 శాతానికి పైగా అడవే. 2002 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తర్వాత చెట్ల నరికివేత మీద, అడవిలో ఆక్రమణల మీద పట్టు బాగా బిగిసింది. అది సరైనదేనని నా అభిప్రాయం. ఆ అడవి పోతే వాగులు పోతాయి, వాగులు పోతే ఊళ్లు పోతాయి. అయితే ముగ్గురు అన్నదమ్ములుంటే ఒకరే ఊళ్లో నిలబడగలరన్నది దాని పర్యవసానం. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా జనాభా 2001లోనూ 2011లోనూ లక్షా అయిదు వేల పైచిలుకే. పుట్టేవాళ్లు పుడుతూనే ఉన్నా లెక్క కదలలేదంటే, వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో మీరే ఊహించుకోండి.

అందుకే అన్నిటికన్నా ముందు కాగితాలు చూడమంటాను. భూమి ఇంకా తాతగారి పేరునే ఉందా, మామగారి పేరుకు మారిందా? పట్టాలో ఉన్న సరిహద్దుకు బయట, అడవిలోకి జరిగి వేసిన తోట ఏదైనా ఉందా? తర్వాత అడవిని ఆక్రమించి స్థిరపడినవారి సంగతి వేరు, అసలు శరణార్థి కుటుంబాలకు ఇచ్చిన హక్కు వేరు. ఇక్కడి భూములకు 1966 నాటి ప్రత్యేక భూమి రెవిన్యూ నిబంధనలు వర్తిస్తాయి. విశాఖలో స్థలం అమ్మినట్టు అమ్మేయడం కుదరదు, అధికారుల అనుమతి కావాలి. కాబట్టి ‘ధర పెరిగాక అమ్ముకోవచ్చు’ అన్న లెక్కతో మాత్రం వెళ్లకండి.

ఇక తోట విషయానికి వస్తే నాకు ఉత్సాహం ఆగదు. నేను ఉన్నన్నాళ్లలో ఊరి మడులు ఒక్కొక్కటే వక్కతోటలుగా మారడం చూశాను. వరి ఏడాదికి ఒకే పంట, కోతల వేళకు వాన పడిందంటే అదీ దక్కదు. చవక బియ్యం చౌకదుకాణంలో దొరుకుతుంటే ఎవరు మాత్రం ఎన్నాళ్లు నాట్లు వేస్తారు? వక్క అలా కాదు. నాటిన అయిదారేళ్లకు కాపుకొస్తుంది, ఎండబెట్టిన కాయ నెలలపాటు నిలవ ఉంటుంది, ఓడ ఆలస్యమైనా కుళ్లదు. చేపలు, అరటి, కూరగాయలు పండించేవాళ్లకు లేని సౌఖ్యం ఇది. పైగా పని ఇంటి దగ్గరే ఉంటుంది. మా వీధిలో ఆడవాళ్లు మధ్యాహ్నాలు చాపలు పరుచుకుని వక్కలు ఒలుస్తూ కూర్చునేవారు. ఆ ఒలుపు కూలితో పిల్లల ఫీజులు కట్టినవాళ్లు నాకు తెలుసు.

కష్టాలూ ఉన్నాయి. చెట్టెక్కి గెల కోసేవాళ్లు దొరకరు. ఆ నైపుణ్యం ఉన్నవాళ్లు పెద్దవారైపోతున్నారు, కొత్తవాళ్లు నేర్చుకోవడం లేదు. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట కాయలు ఎండబెట్టుకోవడానికి జనవరి నుంచి ఏప్రిల్ దాకానే నమ్మకమైన ఎండ ఉంటుంది. ఆరబెట్టే గది ఒకటి కట్టుకున్న ఇంటికీ, పెరట్లో గోనెల మీద ఎండబోసి ఆకాశం వంక చూసే ఇంటికీ సరుకు నాణ్యతలో తేడా ఎంతో ఉంటుంది, ధరలోనూ అంతే. ధర నిర్ణయించేది మాత్రం మెయిన్‌ల్యాండ్ వ్యాపారి. రైతు దగ్గరకు వచ్చి కొనే దళారికి ఎక్కువ గిట్టుతుంది. మీ వారికి లెక్కలు, ఫోను మీద బేరాలు బాగా వస్తాయని రాశారు. నలుగురైదుగురు రైతుల సరుకు కలిపి గ్రేడు చేసి నేరుగా పంపగలిగితే, ఆయన ఊరికి చేయగల నిజమైన మేలు అదే.

వక్కల నీడలో ఏమేమి వేయవచ్చో కూడా చూడండి. అండమాన్ నేలలో మిరియం, దాల్చినచెక్క, లవంగం చక్కగా వస్తాయి. వక్క మానుకే మిరియం తీగ పాకించుకున్న కుటుంబాలు ఒక పంట ధర పడిపోయినా తట్టుకుని నిలబడ్డాయి. వరి కోశాక మడిలో మిగిలిన తడికి పెసర, మినుము చల్లేవాళ్లూ ఉన్నారు. నీటికి మాత్రం జాగ్రత్తపడాలి. ఇంత వాన పడే దీవిలో మార్చి నెలలో నీళ్లు కరవవుతాయంటే మెయిన్‌ల్యాండ్ వాళ్లు నమ్మరు. దీవి సన్నం, కొండ ఏటవాలు, కురిసిన నీరు కురిసినట్టే సముద్రంలో కలుస్తుంది. బెంగాలీ ఇళ్లలో పెరటి చెరువు తవ్వుకునే అలవాటు ఎంత తెలివైనదో అప్పుడు తెలుస్తుంది. ఆ ‘పుకుర్’లోనే రోహు, కట్ల పెంచుతారు, దాని నీళ్లతోనే పెరటి కూరగాయలు బతికిస్తారు. మీ అత్తగారింటి చెరువు పూడిపోయి ఉంటే ముందు దాన్ని తవ్వించండి.

ఇంకో బెడద చుక్కల దుప్పులు, ఆఫ్రికా నత్తలు. రెండూ బయటినుంచి తెచ్చి వదిలినవే. దుప్పిని ముట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు, అది రాత్రికి రాత్రి మొక్కలన్నీ కొరికేస్తుంది. కంచె ఖర్చును పెట్టుబడిలో తప్పకుండా కలుపుకోండి.

పర్యాటకం గురించి మీ వారు చాలా ఆశతో ఉన్నట్టున్నారు. చూడదగ్గవి నిజంగానే ఉన్నాయి. కాలీపూర్ తీరానికి నాలుగు జాతుల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. దగ్గర్లోనే 732 మీటర్ల శాడిల్ పీక్ కొండ ఉంది. ఏరియల్ బే నుంచి పడవలో వెళ్తే రాస్, స్మిత్ దీవులను కలిపే ఇసుక దారి కనిపిస్తుంది. కానీ వచ్చేవాళ్లు ఎక్కువగా పొడి నెలల్లోనే వస్తారు, ఒకటి రెండు రాత్రులుండి వెళ్లిపోతారు. వాగు మొగల్లో, మడ అడవుల దగ్గర మొసళ్లుంటాయి కాబట్టి ఎక్కడపడితే అక్కడ నీళ్లలోకి దిగనివ్వలేం. ఇంట్లో ఒకటి రెండు గదులు శుభ్రంగా ఉంచి అత్తగారి చేతి చేపల పులుసు పెడితే చేతి ఖర్చుకు డబ్బులొస్తాయి. దాన్నే నమ్ముకుని అప్పు చేసి గదులు కట్టవద్దు. గ్రేట్ నికోబార్‌లో తలపెట్టిన పెద్ద ఓడరేవు వల్ల ఇక్కడా దశ తిరుగుతుందన్న మాట కూడా రాశారు. ఆ దీవి పోర్ట్ బ్లెయిర్‌కే 500 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉంది, దిగ్లీపూర్ ఏమో ఉత్తరపు కొసన ఉంది. మీ ఊరి వక్కకు దాంతో సంబంధం లేదు.

రవాణా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి దిగ్లీపూర్ దాకా అండమాన్ ట్రంక్ రోడ్డు 300 కిలోమీటర్లకు పైనే. బస్సులో ఒక పగలంతా పడుతుంది. దారిలో జార్వా ఆదిమ తెగకు ప్రత్యేకించిన అడవి ఉంది. జిర్కాటాంగ్ దగ్గర గేటు తెరిచే వేళలకు వాహనాలన్నీ వరసగా, పోలీసు కాపలాతో వెళ్లాలి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సును కూడా ఫెర్రీ ఎక్కించి దాటిస్తారు. ఉత్తరాది ఊళ్లవాళ్లు ఈ గేటు మీద విసుక్కోవడం నాకు తెలుసు, ఆ విసుగు వెనక నిజమైన బాధ ఉంది. అయినా ఆ దారిని ఇంకా వెడల్పు చేయాలన్న కోరికతో నేను ఏకీభవించలేను. జార్వాలు కొన్ని వందల మందే. వాళ్లు బయటివాళ్లతో కలవడం మొదలైన కొన్నాళ్లకే, 1999లో, వాళ్లలో తట్టు వ్యాపించింది. మన ప్రయాణం రెండు గంటలు తగ్గడానికి వాళ్ల ప్రాణాలు పణంగా పెట్టకూడదు. ఏరియల్ బే నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు క్రమం తప్పని ఓడ నడిపితే రైతు సరుకూ కదులుతుంది, రోగీ కదులుతాడు. మీ ఊరివాళ్లు పంచాయతీలో గట్టిగా అడగవలసినది ఇదేనని అక్కడున్నప్పుడూ చెప్పాను.

ఆసుపత్రి విషయంలో మీ భయం న్యాయమైనదే. దిగ్లీపూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. జ్వరాలకు, మామూలు కాన్పులకు సరిపోతుంది. ఏ కొంచెం చిక్కు ఉన్నా పోర్ట్ బ్లెయిరే దిక్కు. మా ఊళ్లో తొలి కాన్పు గర్భిణులు చాలామంది నెల ముందే పోర్ట్ బ్లెయిర్ వెళ్లి చుట్టాల ఇంట్లో ఉండేవారు. మీకు అక్కడ ఉండడానికి ఇల్లు లేదా మనుషులు ఉన్నారా అన్నది ఇప్పుడే చూసుకోండి. మామగారికి గుండెజబ్బో, కిడ్నీ జబ్బో ఉంటే ఆయన్నే విశాఖ తెచ్చుకోవడం మంచిది.

నేల కంపించే ప్రాంతమని కూడా గుర్తుంచుకోండి. 2002 సెప్టెంబరులో దిగ్లీపూర్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. 2004 సునామీ నాటి భూకంపానికి ఉత్తర అండమాన్‌లో కొన్ని తీరాలు మీటరుకు పైగా పైకి లేచి పగడపు దిబ్బలు గాలికి బయటపడ్డాయి. పాత చెక్క ఇల్లు, రేకుల కప్పు ఉంటే దాన్ని పడగొట్టి కాంక్రీటు కట్టాలని తొందరపడకండి. తేలిక ఇల్లే అక్కడ మేలు.

ఇంటర్నెట్ మీద ఆధారపడి మీరు విశాఖ ఉద్యోగం అక్కడినుంచే చేయాలనుకుంటున్నారు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక దీవుల్లో పరిస్థితి చాలా మెరుగుపడింది. కానీ ఆ కేబుల్ ఉత్తరాన మధ్య అండమాన్‌లోని రంగత్ దాకానే నేరుగా వస్తుంది. మీ ఊళ్లో సిగ్నల్ ఎలా ఉందో వానాకాలంలో చూడకుండా రాజీనామా సంగతి తేల్చవద్దు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన విషయం వేరే ఉంది. పెద్ద తరగతి పిల్లలను ఏమవుతారని అడిగితే అందరూ ప్రభుత్వ ఉద్యోగమే చెప్పేవారు. అది దొరక్కపోతే దినకూలీ మజ్దూరుగా ఏదో ఒక శాఖలో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి పర్మనెంటు కోసం ఎదురుచూసేవారు. బాగా కాసే తోట ఉన్న తండ్రి కూడా కొడుకు వక్కచెట్టు ఎక్కితే కోప్పడేవాడు, చదువుకున్నవాడికి ఈ పనేమిటని. తోటలో వచ్చేది ఆ కూలి కన్నా ఎక్కువని లెక్క వేసి చూపినా వినేవాళ్లు కాదు. కాబట్టి పట్నంలో చదువుకుని ఉద్యోగం చేసిన కొడుకు తోట కోసం తిరిగొస్తే, ఆ ఊరి పిల్లలు దాన్ని శ్రద్ధగా గమనిస్తారు. మీ వారి ఆలోచనను నేను ఇష్టపడేది అందుకే.

వెళ్లి చూడదలిస్తే జనవరిలో వెళ్లకండి, అప్పుడు ఎవరికైనా నచ్చుతుంది. జూలై, ఆగస్టుల్లో వెళ్లి రెండు నెలలుండండి. కరెంటు ఎన్నిసార్లు పోతోంది, బస్సు ఎన్నిసార్లు ఆగింది, ఇసుక దోమలు మీ ఒంటికి పడతాయా, అత్తగారితో మీకు ఎలా కుదురుతుంది, అన్నీ తెలుస్తాయి. భాష గురించి బెంగ అక్కర్లేదు. ఇంట్లో బెంగాలీ ఉన్నా బజారులో, బడిలో, పొలంలో అందరికీ అండమాన్ హిందీయే. మీ వారి అన్నదమ్ములు ఎక్కడెక్కడ ఉన్నారో రాయలేదు. తోట మీద వాళ్ల వాటా ఏమిటో మీరు పెట్టుబడి పెట్టకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. భూమి కాగితాల్లో ఏ పేరు ఉందో, సర్వే నంబరు చెప్పకుండా ఇక్కడ రాస్తే, తర్వాత ఏ అడుగు వేయాలో నాకు తెలిసినంతలో చెబుతాను.